పనియంత్రము ఆటకు వచ్చిన కథ

మానవుడు పనికొరకు చేసికొన్న పనిముట్టు ఆటలోనికి దిగుట క్రొత్త సంగతి కాదు. వేటకు వాడిన విల్లు పందెములలోనికి వచ్చినది. సరకులు మోసిన పడవ పడవపందెములకు వచ్చినది. పొలము దున్నిన ఎడ్లు సంక్రాంతినాడు బండలాగుడు పోటీలలో నిలుచుచున్నవి. కంప్యూటరు చరిత్రమునందును ఇదియే జరిగినది. అయితే ఇచట పనియంత్రము ఆటయంత్రమగుటకు పట్టిన కాలము మిక్కిలి స్వల్పము.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు 1961లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారు పీడీపీ-1 అను కంప్యూటరును బహూకరించిరి. ఆనాడు అట్టి యంత్రము వెల సుమారు 1,20,000 డాలర్లు. దాని మెమరీలో 4,096 పదములు పట్టును. ఒక్కొక్క పదమునకు 18 బిట్లు. నేటి లెక్కలో ఇది 9 కిలోబైట్లు మాత్రమే. ఈ యంత్రముపై స్టీవ్ రసెల్ అను యువకుడు మిత్రులతో కూడి 1962లో 'స్పేస్‌వార్' అను ఆటను సిద్ధపరచెను. గుండ్రని తెరపై రెండు వ్యోమనౌకలు ఒక నక్షత్రముయొక్క ఆకర్షణకు లోబడి తిరుగుచు ఒకదానిపై నొకటి క్షిపణులు వదలుచుండును. యంత్రము ముందున్న మీటలను త్రిప్పి త్రిప్పి ఆడువారికి మోచేతులు నొప్పి పుట్టెను. అంతట ఆలన్ కోటాక్, బాబ్ సాండర్స్ అను ఇరువురు చెక్కముక్కలను, తమ రైలుబొమ్మల క్లబ్బులో దొరకిన విడిభాగములను కూర్చి చేతిలో ఇమిడెడి మీటపెట్టెలను చేసిరి. పనియంత్రమునకు ఆటకొరకు చేర్చిన అదనపు భాగములలో ఇవి తొలినాటివి.

అరువది సంవత్సరములు గడచినవి. నేడు మన పట్టణములలో ఎందరో విద్యార్థులు చేయుచున్నదియు ఇదియే. ఇంజనీర్ల కార్యాలయమున కాలము తీరిన బరువైన లాప్‌టాపును చౌకగా కొని, దుమ్ము దులిపి, కొన్ని భాగములు మార్చి ఇంటిలో ఆటలకు వాడుకొనుచున్నారు. ఇది ఏల సాధ్యమగుచున్నది? ఎంతవరకు సాధ్యము? ఇకముందును సాధ్యమగునా? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము చరిత్రలోనే కలదు.

ముందుగా ఒక మాట. కంప్యూటరు అంతయు ఒక్కమారుగా ముసలిది కాదు. బండిలో ఇరుసు నిలిచియుండగా చక్రపుపట్టా అరిగిపోవునట్లు, దీనిలోను ఒక భాగము ముందుగా, మరియొకటి ఆలస్యముగా వెనుకబడును. వెనుకబడిన భాగమును మార్చు వీలున్నచో యంత్రమునకు మరికొన్నేండ్ల ఆయువు చేకూరును. ఆ వీలు లేనిచో ఒక్క భాగముకొరకై యంత్రమంతయు మూలపడును. ఆ వీలు కలిగించుటకో, తొలగించుటకో కర్త యంత్రమును రూపొందించినవాడే.

వర్క్‌స్టేషను పుట్టుక

1970 తరువాతి దశాబ్దమున పెద్ద కంప్యూటర్లను పలువురు ఇంజనీర్లు పంచుకొని వాడుకొనుచుండిరి. తన వంతు వచ్చువరకు ప్రతివాడును వేచియుండవలెను. ఒక్కొక్కనికి తన బల్లపై తనదేయగు శక్తిగల యంత్రముండవలెనను కోరికనుండి వర్క్‌స్టేషను పుట్టినది. వంతెనలు, విమానములు, యంత్రభాగములు మొదలగువాని నమూనాలు గీయుటకు ఉద్దేశించిన ఒంటరి కంప్యూటరును వర్క్‌స్టేషను అందురు. 1982లో స్థాపింపబడిన సన్ మైక్రోసిస్టమ్స్ ఈ రంగమున ప్రసిద్ధికెక్కినది. ఆ కాలముననే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జిమ్ క్లార్క్ తన శిష్యులతో సిలికాన్ గ్రాఫిక్స్ అను సంస్థను నెలకొల్పెను.

క్లార్క్ బృందము చేసిన 'జామెట్రీ ఇంజన్' అను చిప్పు ప్రాముఖ్యమును చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. త్రిపరిమాణమైన బొమ్మను తెరపై త్రిప్పవలెనన్న, ఆ బొమ్మలోని ప్రతి బిందువును నాలుగు వరుసలు, నాలుగు నిలువులు గల మాత్రికతో గుణింపవలెను. ఒక్క బిందువునకు 16 గుణకారములు, 12 సంకలనములు కావలెను. 10,000 బిందువులు గల బొమ్మను సెకనుకు 30 మారులు గీయవలెనన్న సెకనుకు 48 లక్షల గుణకారములు! ఈ గుణకారములనే వృత్తిగా పెట్టుకొన్న ప్రత్యేకమైన చిప్పు జామెట్రీ ఇంజన్. సాధారణ ప్రాసెసరు మోయలేని బరువును అది మోసినది. ఇట్టి యంత్రములతోనే విమానముల నమూనాలు తయారైనవి. 1993లో వచ్చిన 'జురాసిక్ పార్క్' చలనచిత్రమునందలి రాక్షసబల్లులు ప్రాణము పోసికొన్నవి.

బొమ్మ గెలిచిన పోటీ

సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రముల వెల సామాన్యునికి అందునది కాదు. కాని ఆ విద్య కార్యాలయపు గోడలలో నిలువలేదు. 1996లో నింటెండో సంస్థ విడుదలచేసిన 'నింటెండో 64' అను ఇంటి ఆటపెట్టెలోని ముఖ్యమైన చిప్పులను రూపొందించినది సిలికాన్ గ్రాఫిక్సే. ఆ సంస్థలో పనిచేసి వెలుపలికి వచ్చిన రాస్ స్మిత్, స్కాట్ సెల్లర్స్, గ్యారీ టరోలి 1994లో త్రీడీఎఫ్ఎక్స్ అను సంస్థను స్థాపించి, 1996లో ఇంటి కంప్యూటర్లకు 'వూడూ' అను గ్రాఫిక్సు కార్డును తెచ్చిరి. ఆ సంవత్సరముననే 'క్వేక్' అను ఆట వచ్చెను. మరుసటి సంవత్సరము దానికి ఓపెన్‌జీఎల్ రూపము వెలువడెను. ఓపెన్‌జీఎల్ అనగా బొమ్మలు గీయుమని చిప్పునకు ఆజ్ఞలిచ్చు పద్ధతి. దానిని సిలికాన్ గ్రాఫిక్స్ 1992లో వర్క్‌స్టేషన్ల కొరకు లోకమునకిచ్చెను. ఐదేండ్లలో ఆ భాష పిల్లల ఆటలలో వినబడసాగెను.

1999లో ఎన్‌విడియా సంస్థ 'జీఫోర్స్ 256' అను చిప్పును విడుదల చేసెను. పైన చెప్పిన మాత్రికాగుణకారమును ఆటకార్డే స్వయముగా చేయుట దీనితో ఇంటింటికిని వచ్చినది. ఆ చిప్పునే ఆధారముగా గొని ఇంజనీర్లకొరకు 'క్వాడ్రో' అను కార్డును ఆ సంస్థ తయారుచేసెను. పనికిని ఆటకును చిప్పు ఒక్కటే. దానిని నడిపించు డ్రైవరు ప్రోగ్రాములోను, ఇంజనీరింగు ప్రోగ్రాములతో సరిపోవునని చేయు పరీక్షలలోను, వెలలోను మాత్రమే భేదము.

ఈ పోటీలో బొమ్మ ఏల గెలిచినది? ఒక చిప్పును రూపొందించుటకు అగు వ్యయము అపారము. ఆ వ్యయము కొద్ది వేలమంది ఇంజనీర్లపై పడినచో యంత్రము వెల కొండెక్కును. లక్షలకొలది ఆటగాండ్రపై పడినచో నేలకు దిగును. ఆటగాండ్ర సొమ్ముతో పెరిగిన చిప్పులు ఇంజనీర్ల బల్లలను కూడ ఆక్రమించినవి. సిలికాన్ గ్రాఫిక్స్ 2006లోను, మరల 2009లోను దివాలా రక్షణ కోరవలసివచ్చెను. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణమున ఆ సంస్థ ఒకప్పుడు వాడిన భవనమొకటి నేడు కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాల. స్వచ్ఛంద సేవకులు బాగుచేసిన పీడీపీ-1 యంత్రముపై స్పేస్‌వార్ ఆటను సందర్శకులకు చూపుచున్నది అచటనే.

ఈ వృత్తాంతమువలన మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది. పాత వర్క్‌స్టేషను లాప్‌టాపు ఆటకు పనికివచ్చుట యాదృచ్ఛికము గాదు. దాని లోపలి గ్రాఫిక్సు చిప్పు ఆటచిప్పునకు తోబుట్టువు.

ఒక నమూనా యంత్రము

చర్చ గాలిలో తేలకుండుటకై ఒక యంత్రమును ఉదాహరణముగా గైకొందము. 2013లో వెలువడిన డెల్ ప్రెసిషన్ ఎం6800 అను లాప్‌టాపు 17.3 అంగుళముల తెర గలది. బరువు మూడున్నర కిలోగ్రాములకు పైమాట. దీని ప్రాసెసరు సాకెట్టులో కూర్చొనును. అనగా ఊడదీసి వేరొకటి పెట్టవచ్చును. మెమరీకి నాలుగు గాళ్లు కలవు. మొత్తము 32 గిగాబైట్ల వరకు పట్టును. హార్డుడిస్కులకు ఒకటికంటె ఎక్కువ స్థానములు కలవు. గ్రాఫిక్సు కార్డు కూడ ఎంఎక్స్ఎం అను ప్రమాణము ననుసరించి విడిగా ఊడివచ్చును. లాప్‌టాపులలో గ్రాఫిక్సు కార్డును మార్చుకొన వీలగునట్లు ఎన్‌విడియా 2004లో ప్రవేశపెట్టిన ప్రమాణమిది.

ఇట్లేల చేసిరి? ఆటగాండ్రపై ప్రేమచేత గాదు. ఒక ఇంజనీరు యంత్రము చెడినచో సంస్థకు ఆ దినపు పని నష్టము. కావున మరమ్మతుదారుడు ఆ బల్లవద్దనే మూత తెరచి, చెడినదానిని తీసి, మంచిదానిని పెట్టి వెడలిపోవలెను. ఈ ఉద్దేశముతోనే తయారీదారులు ఏ మర యెచట నున్నదో, ఏది ముందు విప్పవలెనో తెలుపు మరమ్మతు పుస్తకములను కూడ అందరికి అందుబాటులో నుంచిరి. పెద్ద సంస్థల సౌకర్యముకొరకు కల్పించిన ఈ ఏర్పాటు పదేండ్ల పిమ్మట విద్యార్థికి వరమైనది.

ఇక ఈ యంత్రములో ఏ భాగము ముందుగా ముసలిదైనదో పరిశీలింతము.

డిస్కు: తిరుగుటలో పోవు కాలము

హార్డుడిస్కు నిమిషమునకు 7,200 మారులు తిరుగును. ఒక చుట్టునకు పట్టు కాలము 60ని 7,200చే భాగింపగా 8.33 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారము తలక్రిందికి వచ్చుటకు సగటున సగము చుట్టు, అనగా 4.17 మిల్లీసెకన్లు వేచియుండవలెను. తల సరియగు వలయముపైకి జరుగుటకు మరియొక పది మిల్లీసెకన్లకు పైగా పట్టును. మొత్తము పదునైదు మిల్లీసెకన్ల ప్రాంతము. తెరపై సెకనుకు 60 చిత్రములు గీయు ఆటలో ఒక్కొక్క చిత్రమునకు లభించు కాలము 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. డిస్కుపై ఒక్క వెదకులాట దాదాపు ఒక చిత్రపు కాలమును మ్రింగివేయుచున్నదన్నమాట.

ఎస్‌ఎస్‌డి అను ఘనస్థితి నిల్వలో తిరుగు భాగమేదియు లేదు. దీనికి మూలమైన ఫ్లాష్ మెమరీని జపానులో తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసుయోకా 1980 తరువాతి దశాబ్దమున రూపొందించెను. ఇందు వెదకులాట మిల్లీసెకనులో పదవవంతు ప్రాంతముననే ముగియును. అనగా నూరురెట్లకు మించిన వేగము. హార్డుడిస్కు తీసి ఎస్‌ఎస్‌డి పెట్టిన పాతయంత్రము క్రొత్తదివలె లేచి కూర్చొనుటకు ఇదియే కారణము. అయితే ఒక హెచ్చరిక. దీనివలన ఆట త్వరగా తెరచుకొనును, మధ్యమధ్య తటపటాయింపు తగ్గును. సెకనుకు గీయబడు చిత్రముల సంఖ్య మాత్రము పెరుగదు. ఆ పని గ్రాఫిక్సు చిప్పుది.

మెమరీ: రెండు దారులు

ఆట నడచునపుడు కావలసిన సమాచారము మెమరీలో నుండవలెను. చాలనిచో యంత్రము మాటిమాటికి డిస్కువద్దకు పరుగెత్తును. ఈ యంత్రమునకు 16 గిగాబైట్లు ఉన్నచో ఆనాటి ఆటలకు చాలును. కాని పరిమాణమొక్కటే చాలదు. ఇందులోని డీడీఆర్3 మెమరీ సెకనుకు 160 కోట్ల మారులు, మారునకు 8 బైట్ల చొప్పున సమాచారము నందించును. అనగా సెకనుకు 12.8 గిగాబైట్లు. ప్రాసెసరునకు మెమరీవైపు రెండు దారులు కలవు. 8 గిగాబైట్ల పలకలు రెండును ఒకే దారికి చెందిన గాళ్లలో పెట్టినచో రెండవ దారి ఖాళీగా నుండును. 8 గిగాబైట్ల పలకలు రెండు సరియగు గాళ్లలో పెట్టినచో రెండు దారులును పనిచేసి 25.6 గిగాబైట్లు వచ్చును. పరిమాణము ఒక్కటే, కాని ప్రవాహము రెండింతలు.

వేడి: కంటికి కనబడని పగ్గము

ఎం6800 వంటి యంత్రమున ప్రాసెసరు 47 వాట్లు, ఉత్తమశ్రేణి గ్రాఫిక్సు కార్డు 100 వాట్లు వినియోగించును. ఇదంతయు చివరకు వేడియే. లావుపాటి పుస్తకమంత స్థలములో పాతకాలపు నూరువాట్ల విద్యుద్దీపముకంటె ఎక్కువ వేడి పుట్టుచున్నది. ఆ వేడి వెలుపలికి పోనిచో ప్రాసెసరు నూరు సెంటిగ్రేడు డిగ్రీల దరిదాపునకు చేరి, ఆత్మరక్షణకై తన వేగమును తానే తగ్గించుకొనును. ఆటగాడు యంత్రము ముసలిదైనదని తలచును. నిజమునకు అది ఊపిరాడక నిదానించుచున్నది.

చిప్పుపై రాగిపలక ఆనియుండును. రెండు ఉపరితలములును కంటికి నున్నగా తోచినను, సూక్ష్మదర్శినిలో చూచిన గుంటలే. ఆ గుంటలలో గాలి నిండియుండును. రాగి ఉష్ణవాహకత గాలిదానికంటె సుమారు 15,000 రెట్లు అధికము. కావున ఆ గాలిని తొలగించుటకై నడుమ ఉష్ణవాహకమైన లేపనము పూయుదురు. ఏండ్లు గడచిన కొలది ఆ లేపనము ఎండి పగులును. ఫాను ముందరి రేకుల నడుమ దుమ్ము పేరుకొని కంబళివలె తయారగును. దుమ్ము దులిపి, పాత లేపనమును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, క్రొత్తది పలుచగా పూయుట మిక్కిలి చౌకయైన మరమ్మతు. తరచుగా మిక్కిలి ఫలవంతమైనదియు ఇదియే.

రాగిపలకనుండి రేకులవరకు వేడిని చేరవేయు గొట్టముల కథయు రమ్యమైనది. ఆ గొట్టములో కొద్దిపాటి ద్రవము వేడికొనను ఆవిరియై, చల్లనికొనను ద్రవించి, లోపలి వత్తివంటి పొరగుండ మరల వెనుకకు వచ్చును. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ దీనిని రూపొందించెను. అంతరిక్షమున వాడు అణుశక్తియంత్రముల వేడిని తరలించుట ఆనాటి ఉద్దేశము. నేడు అది విద్యార్థి ఒడిలోని పెట్టెలో ఉన్నది.

గ్రాఫిక్సు కార్డు: మూడు అంగీకారములు

ఎం6800తో లభించిన ఉత్తమమైన కార్డులలో ఎన్‌విడియా క్వాడ్రో కే5100ఎం ఒకటి. ఇందులో 1,536 గణనఘటకములు, 8 గిగాబైట్ల సొంత మెమరీ కలవు. 2012లో ఆటగాండ్రు మెచ్చిన జీఫోర్స్ జీటీఎక్స్ 680 బల్లకంప్యూటరు కార్డులోని చిప్పును ఇదియే, గణనఘటకముల సంఖ్యయు ఇదియే. కాని ఆ కార్డు 195 వాట్లు తినును. లాప్‌టాపు కార్డు నూరు వాట్లతో సరిపెట్టుకొనవలెను. చిప్పు వినియోగించు శక్తి వోల్టేజి వర్గమునకును, తరచుదనమునకును అనులోమముగా నుండును. కావున రెంటిని కొంత తగ్గించి శక్తిని దాదాపు సగమునకు తెచ్చిరి. వేగము కొంత పోయినను అంతగా పోలేదు.

తక్కువ శ్రేణి కార్డుతో వచ్చిన యంత్రమునకు మంచి కార్డు దొరకినచో మార్చుకొనవచ్చునా? గాడిలో పట్టినంతమాత్రమున చాలదు. మూడు అంగీకారములు కుదురవలెను. మొదటిది ఆకారము: కార్డుపై చిప్పుల ఎత్తులు, మరరంధ్రములు యంత్రములోని రాగిపలకకు సరిపోవలెను. రెండవది ఫర్మ్‌వేరు: యంత్రము మేల్కొనగానే నడచు మూలప్రోగ్రాము ఆ కార్డును గుర్తింపవలెను. మూడవది శక్తి: కార్డు కోరు విద్యుత్తును యంత్రము ఇయ్యగలుగవలెను, అది పుట్టించు వేడిని మోయగలుగవలెను. ప్రమాణ మొక్కటే యని నమ్మి ఈ మూడును చూడక కొన్నవారికి నల్లని తెరయే మిగులును. కావున అదే యంత్రముతో తయారీదారు అమ్మిన కార్డును ఎన్నుకొనుట క్షేమము.

విద్యుత్తు

ఈ యంత్రముతో 240 వాట్ల అడాప్టరు వచ్చును. పాతసరకు కొనునపుడు తక్కువ శక్తిగల అడాప్టరు అంటగట్టుట కలదు. అట్టిచో యంత్రము నడచును గాని, వేగమును తగ్గించుకొని నడచును. కొన్నవాడు కారణము తెలియక మంచి భాగములను అనుమానించును.

బ్యాటరీ శక్తి 97 వాట్‌గంటలు. యంత్రము 240 వాట్లు నిండుగా లాగినచో ఇది 24 నిమిషములలో ముగియును. కావున ఆట గోడవద్దనే యని ముందే తెలిసికొనవలెను. పాతదై ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కరాదు, పొడువరాదు. వెంటనే తీసి వేరుచేయవలెను. అది మంట లేపగలదు.

ప్రోగ్రాముల ముసలితనము

ఇంతవరకు చెప్పినవన్నియు చేతితో మార్చదగిన భాగములు. చేతికందని ముసలితన మొకటి కలదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2021లో విండోస్ 11ను విడుదల చేయుచు, ఇంటెల్ ప్రాసెసర్లలో సుమారుగా ఎనిమిదవ తరమునుండి పైవానినే అంగీకరించెను. ఎం6800లోనిది నాలుగవ తరము. విండోస్ 10కి సామాన్యమైన రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. కే5100ఎం చిప్పు చెందిన కెప్లర్ తరమునకు ఆటల డ్రైవర్ల నవీకరణ 2021లోనే నిలిచిపోయినది. యంత్రములో ఒక్క మరయైనను అరుగలేదు. ఐనను దానికి ప్రవేశము మూయబడినది.

మరియొక ద్వారము తెరచియున్నది. లినక్స్ అను స్వేచ్ఛా నిర్వాహకవ్యవస్థ పాత ప్రాసెసర్లను ఆదరించును. విండోస్ ప్రోగ్రాములను లినక్సుపై నడుపుటకు 1993లో ఆరంభమైన 'వైన్' అను ప్రయత్నమును ఆధారముగా గొని, వాల్వ్ సంస్థ 2018లో 'ప్రోటాన్'ను విడుదల చేసెను. దానివలన వేలకొలది ఆటలు లినక్సుపై నడచుచున్నవి. ఇచట సైతము కెప్లర్ చిప్పునకు సరిపోవు పాత డ్రైవరును, పాత ప్రోటాన్ రూపమును ఎన్నుకొనవలసి యుండును.

పరిమితిని దాచుట విజ్ఞానము కాదు. 2011లో వచ్చిన 'పోర్టల్ 2', 'స్కైరిమ్' వంటివి, 2015లో కంప్యూటర్లకు వచ్చిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5' ఈ యంత్రముపై ఆడుకొనవచ్చును. కాంతికిరణముల మార్గమును లెక్కించు ప్రత్యేకభాగము తప్పనిసరియని కోరు 2024 నాటి 'ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్' వంటి ఆటలు ఇందు ఆడవు. రెండవ ప్రశ్నకు సమాధానమిది: పాత యంత్రము తన కాలపు ఆటలను చక్కగా ఆడించును, నేటి ఆటలన్నిటిని ఆడించునని చెప్పుట మోసము.

మూతపడిన తలుపులు

ఇక మూడవ ప్రశ్న. లాప్‌టాపులకొరకై ప్రత్యేకముగా చేసిన ఇంటెల్ ప్రాసెసర్లలో సాకెట్టులో కూర్చొనునవి నాలుగవ తరముతో ఆగిపోయినవి. తరువాతివి బోర్డుపై టంకముతో అతికింపబడినవి. పలుచని లాప్‌టాపులలో మెమరీకిని ఆ గతియే పట్టినది. దీనికి కారణములు లేకపోలేదు. సాకెట్టు ఎత్తును పెంచును. తీగదారి పొడుగైనకొలది అధికవేగపు సంకేతము చెదరును. అతికిన మెమరీ తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వేగముగా నడువగలదు. పలుచదనము కోరినది కొనుగోలుదారులే. కాని దీని మూల్యము ఇది: కొన్ననాడు 8 గిగాబైట్లున్న యంత్రము కడవరకు 8 గిగాబైట్లతోనే యుండును. ఒక్క మెమరీ చిప్పు చెడినచో బోర్డంతయు పోవును.

పలుచదనమును, మార్పును ఒక్కచో నిలుపలేమా? 2022లో డెల్ తన ప్రెసిషన్ 7670 వర్క్‌స్టేషను లాప్‌టాపులో క్యామ్ అను క్రొత్తరూపపు మెమరీపలకను ప్రవేశపెట్టెను. అది బోర్డుపై చదునుగా పరుండి మరలతో బిగియును. ఎత్తు తక్కువ, తీగదారియు తక్కువ. మెమరీ ప్రమాణములను నిర్ణయించు జెడెక్ సంస్థ 2023 డిసెంబరులో దీనిని క్యామ్2 అను సర్వసామాన్య ప్రమాణముగా ప్రకటించెను. అమెరికాలోని ఫ్రేమ్‌వర్క్ అను సంస్థ 16 అంగుళముల లాప్‌టాపునకు ఊడదీయదగిన గ్రాఫిక్సు భాగమును 2024లో అందించెను; ఆ లాప్‌టాపునకే సరిపోవు క్రొత్తతరపు భాగమును 2025లో విడుదల చేసెను. కావున తలుపు మూయుట అనివార్యమన్న వాదము నిలువదు.

మన యెదుట నున్న ప్రశ్న

ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారము 2022లో ప్రపంచమున పోగుపడిన ఎలక్ట్రానిక్ వ్యర్థములు 6.2 కోట్ల టన్నులు. అందు సక్రమముగా సేకరించి పునర్వినియోగమునకు పంపినట్లు లెక్క తేలినది నాలుగవవంతుకంటె తక్కువ. మన దేశమున 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు 2023 ఏప్రిల్ 1నుండి అమలునకు వచ్చినవి. వ్యర్థమైన పిమ్మట ఏమి చేయవలెనన్నది ఒక ప్రశ్న. వ్యర్థము కాకముందే ఏమి చేయవచ్చునన్నది మరియొకటి. లాప్‌టాపు తన జీవితకాలమున వాతావరణమునకు కలిగించు భారములో అధికభాగము తయారీదశలోనే కలుగును. దాని ఆయువు నాలుగేండ్లు పెంచుట ఆ భారమును పంచుటయే.

సికింద్రాబాదులో పార్క్‌లేన్‌నందలి చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల పాతయంత్రములను విప్పి కూర్చు పనివారు దినదినము చేయుచున్న పని ఇదియే. కార్యాలయములు వదలిన యంత్రము వారి బల్లలపై మరల ప్రాణము పోసికొనుచున్నది. ఉష్ణవాహకత, భ్రమణకాలము, విద్యుచ్ఛక్తి, మాత్రికాగుణకారము అను పాఠములన్నియు ఆ బల్లపై విప్పియున్నవి. పాఠశాలలో నిరుపయోగముగా పడియున్న ఒక లాప్‌టాపును, బ్యాటరీ తొలగించి, తరగతిలో విప్పి చూపినచో పుస్తకములోని సమీకరణములు విద్యార్థి వ్రేళ్లకు తగులును.

1962లో ఆ యువకులు చెక్కపెట్టెలు చేయగలుగుటకు కారణము వారి తెలివి ఒక్కటే కాదు. యంత్రము తెరచియుండెను, దాని తీగలను వారు చూడగలిగిరి. అతికిన పెట్టెలనే చూచి పెరిగిన తరము యంత్రమును వాడుట నేర్చును గాని, దాని లోపలికి చేయి చాపుట నేర్వదు. రేపటి యంత్రములు తెరచుకొనునా, మూసికొనునా యన్నది కొంతవరకు తయారీదారుల చేతిలో, కొంతవరకు ప్రభుత్వముల చేతిలో ఉన్నది. కొంత మన చేతిలోను లేకపోలేదు. క్రొత్త లాప్‌టాపు కొనునపుడు అది ఎంత పలుచనిదని అడుగుటతోపాటు, దాని మెమరీ, డిస్కు, బ్యాటరీ మార్చుకొన వీలున్నదా యని అడుగుదము. ఆ ప్రశ్నను తరచుగా వినిన వర్తకుడు దానిని తయారీదారునికి చేరవేయును.